బోర్డు సంగతి తర్వాత, ముందు నల్లా చూడు

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినదాంట్లో సగం మీ కుక్కర్ విజిల్స్‌లో కలిసిపోయింది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఆ మెకానిక్‌కి అడ్వాన్స్ ఏమీ ఇవ్వలేదు కదా? ఇవ్వకు. వాషింగ్ మిషన్ వెనక పైపు కూడా విప్పకుండా, నిలబడ్డచోటే "బోర్డు (అదే, లోపల మిషన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) పోయిందమ్మా, ఏడు వేలు అవుతుంది" అన్నాడంటే అతను చూసింది మిషన్‌ని కాదు, నీ మొహాన్ని.

మిషన్ మధ్యలో ఆగిపోయి తెర మీద ఐఈ (IE) అని వస్తోందన్నావు. దానర్థం బోర్డు పోయిందని కాదు, ఇంత టైములో రావాల్సిన నీళ్లు రాలేదని. శాంసంగ్ అయితే అదే మాటని 4సి అంటుంది, పాతవి 4ఈ అనేవి. బోర్డు బతికుండి లెక్క పెట్టుకుంటోంది కాబట్టే ఆ అక్షరాలు వచ్చాయి, అది మాత్రం గుర్తుపెట్టుకో.

ఇవాళ రాత్రి ఒక పరీక్ష చెయ్యి. నాలుగు బట్టలేసి మామూలుగా ఆన్ చేసి, నీళ్లు రావాల్సిన టైములో సబ్బు పొడి వేసే సొరుగులోంచి మగ్గుతో మెల్లగా నీళ్లు పోస్తూ ఉండు, ఆరో ఏడో మగ్గులు, ఇంకాస్త పట్టినా పట్టొచ్చు. నీళ్లు సరిపోయాక మిషన్ ఏ గొడవా లేకుండా బట్టలు తిప్పడం మొదలుపెట్టిందనుకో, బోర్డూ బాగానే ఉన్నట్టు, లోపల నీటిమట్టం చూసే సెన్సరూ బాగానే ఉన్నట్టు. నీళ్లు లోపలికి వచ్చే దారిలోనే తేడా ఉంది. ఏడు వేల మాట అక్కడితో సరి. ఒక మాట, ఫ్రంట్ లోడ్‌లో, అంటే మీలా ముందు వైపు తలుపున్న మిషన్‌లో, అద్దం సగం దాకా నీళ్లు కనబడవు, అడుగున కాస్త కనబడితే చాలు. మీ అత్తగారు "నీళ్లే లేవు, బట్టలెలా ఉతుకుతుంది" అంటారని పోస్తూ కూర్చోకు.

ఇక దారి సంగతి. మల్కాజిగిరిలో మీరు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నన్నాళ్లు ఈ మిషన్ ఒక్కరోజు కూడా మొరాయించలేదు కదా? నిజాంపేటలో ఐదో అంతస్తుకి మారాక మొదలైంది. మిషన్ అదే, మారింది ఎత్తు. నీళ్లు ఎంత ఎత్తు నుంచి దిగితే అంత ప్రెషర్, సుమారు పది మీటర్లకి ఒక బార్ (ప్రెషర్‌ని బార్‌లలో కొలుస్తారు). ఐదంతస్తుల బిల్డింగ్‌లో కింద నల్లాకి బార్‌న్నర దాకా ఉంటుంది. మీకేమో నెత్తి మీదే ట్యాంకు, దాని అడుగు నుంచి మీ బాల్కనీ నల్లాకి మూడున్నర మీటర్లుంటే ఎక్కువ. అంటే 0.35 బార్, అదీ పైపు వంపుల్లో కొంత పోగా మిగిలేది ఇంకా తక్కువ. చాలా మిషన్లకి కనీసం 0.3, కొన్నిటికి 0.5 బార్ కావాలి, మాన్యువల్ చివరి పేజీల్లో ఉంటుంది చూడు. పొద్దున ఏడింటికి అన్ని ఫ్లాట్లలో నల్లాలు తిప్పితే అది కూడా మిగలదు. అందుకే అడుగుతున్నా, రాత్రి పదకొండింటికి వేసినప్పుడు కూడా ఇలాగే ఆగుతోందా? రాత్రి బాగా నడిచి పొద్దున ఆగితే ఇంక నువ్వు విప్పి చూడాల్సిందేమీ లేదు.

ప్రెషర్ చూడటానికి మీటరు అక్కర్లేదు. మిషన్ ప్లగ్ తీసి, నల్లా కట్టేసి, మిషన్ వెనక నుంచి పైపు విప్పు. ఆ చివర బకెట్‌లో పెట్టి నల్లా పూర్తిగా తిప్పు. పది లీటర్ల బకెట్ నిమిషం, నిమిషంన్నరలో నిండితే బెంగలేదు. నాలుగు నిమిషాలు పట్టిందా, పైపు తీసేసి నేరుగా నల్లా కింద బకెట్ పెట్టి మళ్లీ చూడు. అప్పుడు ధార బాగా వస్తే అడ్డు పైపులో ఉంది. మిషన్‌ని గోడకి నెట్టేసినప్పుడు వెనక మెలికపడి నలిగిందేమో చూడు.

నల్లా బాగుంది, పైపు బాగుంది అంటే అప్పుడు జాలీ. పైపు బిగించే చోట మిషన్ నోట్లో వేలి గోరంత ప్లాస్టిక్ జాలీ ఉంటుంది, కొన్నిటికి నల్లా వైపు కూడా ఒకటి ఉంటుంది. మన హైదరాబాద్‌లో ముక్కాలు మూడువంతుల రోగం అక్కడే. మంజీరా, కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజు కాసేపు వస్తాయి, మిగతాదంతా బోరో ట్యాంకరో. ఆ సున్నం, ఇసక అన్నీ వచ్చి ఆ జాలీ మీద కూర్చుంటాయి. ఈమధ్య మీ బిల్డింగ్‌లో ట్యాంకు కడిగించారా? కడిగిన వారానికి ఇలాంటి ఫోన్లు నాకు ఎక్కువ వస్తాయి, అడుగున కదిలిన మడ్డంతా పైపుల్లోకి దిగుతుంది. జాలీ మధ్యలో చిన్న పిలక ఉంటుంది, దాన్ని పటకారుతో పట్టుకుని మెల్లగా లాగు. పాత టూత్‌బ్రష్‌తో తోము. సున్నం గట్టిపడి ఉంటే గోరువెచ్చని నీళ్లలో చెంచాడు నిమ్మఉప్పు వేసి అరగంట నానబెట్టు.

మెల్లగా అని ఊరికే అనలేదు. నేనొకసారి కత్తెర మొనతో పొడిచి లాగితే అది చిరిగింది. "జాలీ లేకపోతే నీళ్లు ఇంకా బాగా వస్తాయిలే" అని అలాగే వదిలేశా. నెల తిరక్కుండానే ఇసక వాల్వ్‌లో, అంటే మిషన్‌లోకి నీళ్లు వదిలి ఆపే మూతలో, చేరి, వాల్వ్ మూసుకోవడం మానేసింది. మిషన్ ఆఫ్‌లో ఉంది, నల్లా తిప్పి ఉంది, రాత్రంతా సన్నగా నిండి తెల్లారేసరికి బాల్కనీ చెరువు, కింద వాళ్ల పరుపు తడిసి నాతో మూడు నెలలు మాట్లాడలేదు. అందుకని కొందరు రిపేరు వాళ్లు తీసి పారేసినా సరే, నువ్వు మాత్రం జాలీ పెట్టించుకో. ఉతకడం అయ్యాక నల్లా కట్టెయ్. పైపు తిరిగి బిగించేటప్పుడు చేత్తోనే బిగించు, వాల్వ్ మరలు ప్లాస్టిక్‌వి, పానాతో తిప్పితే చిట్లుతాయి.

ఇవన్నీ అయినా నీళ్లు రాకపోతే, నల్లా తిప్పి, ప్లగ్ పెట్టి ఆన్ చేశాక మిషన్ వెనక చెవి పెట్టు. గుయ్‌మని సన్నటి మోత ఉండి నీళ్లు రాకపోతే వాల్వ్‌కి కరెంటు అందుతోంది కానీ అది తెరుచుకోవట్లేదు. అసలు మోతే లేకపోతే తలుపు లాక్ పడిందా చూడు, లాక్ పడందే నీళ్లు వదలదు. లాక్ పడినా మోత లేదంటే అప్పుడు మెకానిక్ పని. వచ్చినవాణ్ని ముందు వాల్వ్ కాయిల్‌కి (వాల్వ్‌ని తెరిచే తీగచుట్టకి) మల్టీమీటర్ పెట్టమను. ప్లగ్ తీసే చూడాలి, మూడు నుంచి ఐదు వేల ఓములు చూపిస్తే కాయిల్ బాగున్నట్టే. వాల్వ్ మార్చడం బోర్డు ఖర్చులో ఓ మూలకి కూడా రాదు.

నీళ్లు వస్తూనే ఉండి నిండకపోతే అది వేరే కథ. ఫ్రంట్ లోడ్‌కి మోరీలోకి పోయే పైపు చివర నేల నుంచి రెండు నుంచి మూడడుగుల ఎత్తులో ఉండాలి, కింద పడేస్తే వచ్చిన నీళ్లు వచ్చినట్టే జారిపోతాయి. మీ కొత్తింట్లో ఎవరు బిగించారో గానీ అదీ ఓ కంట చూడు.

ప్రెషరే తక్కువని తేలితే ట్యాంకు నుంచి మిషన్‌కి వేరే ముప్పావు అంగుళం లైను లాగించడం మంచిది, అది కుదరకపోతే చిన్న ప్రెషర్ పంపు, రాణిగంజ్‌లో దొరుకుతాయి. అసోసియేషన్ వాళ్లని అడిగే పెట్టించు. కింద వచ్చే వాటర్ బోర్డు లైనుకి నేరుగా మోటారు పెడతానని ఎవరైనా అంటే ఒప్పుకోకు, పట్టుకుంటే మోటారు తీసుకుపోతారు, జరిమానా కూడా.

జాలీ తీశాక ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. విప్పడానికి భయమేస్తే ఆదివారం మెట్రోలో మియాపూర్ దాకా వస్తా, అక్కడ నుంచి బండి మీద తీసుకెళ్దువు గానీ. మగ్గుల పరీక్ష మాత్రం ఇవాళ రాత్రే చెయ్యి, దానికి నేనక్కర్లేదు.

పెద్దమ్మ