అవగాహన కార్యక్రమాలతో గృహహింస, లైంగిక హింస నిజంగా తగ్గుతాయా?

తగ్గుతాయి, కానీ ఒకరోజు సదస్సుతో కాదు. అక్కడి మనుషులే ఏళ్ల తరబడి నడిపితేనే.

కొట్టేవాళ్లలో చాలామందికి అది తప్పని తెలుసు. ఎవరూ అడగరన్న ధీమాయే వాళ్ల బలం. పక్కింట్లోంచి అరుపులు వినిపించినా ‘మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు’ అని టీవీ సౌండ్ పెంచుకుంటే ఆ ధీమా ఇంకా పెరుగుతుంది. ఎవరో ఒకరు వెళ్లి తలుపు కొట్టి ‘అమ్మాయీ, బాగానే ఉన్నావా?’ అంటే చాలు, ఆ ఇంటిని ఎవరో గమనిస్తున్నారని అతనికి తెలుస్తుంది. నేర్పాల్సింది ముఖ్యంగా ఇదే.

ఉగాండా రాజధాని కంపాలాలో ‘సాసా!’ అనే కార్యక్రమాన్ని ఇలాగే నడిపారు. మామూలు జనమే శిక్షణ తీసుకుని, ఇరుగుపొరుగుతో, మగవాళ్లతో కూడా, మాట్లాడుతూ వచ్చారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం, కార్యక్రమం లేని బస్తీలతో పోలిస్తే అక్కడ భాగస్వామి చేతిలో దెబ్బలు తిన్న స్త్రీలు దాదాపు సగమే.

చాలామంది మాత్రం నివారణ అంటే ఆడపిల్లలకు జాగ్రత్తలు చెప్పడమే అనుకుంటారు. లైంగిక హింస ఎక్కువగా తెలిసినవాళ్ల నుంచే ఎదురవుతుంది. ‘చీకటి పడ్డాక బయటికి వెళ్లకు’ అన్న మాట, ఇంట్లోనే ఉన్న మనిషి నుంచి ఎవరినీ కాపాడదు.