ఉద్యోగాలు పెరిగాయా, చేతులు మారాయా?

ప్రశ్న: ఒక ప్రాంతంలో ఉపాధి పథకం ముగిశాక లబ్ధిదారుల్లో ఎక్కువమందికి పని దొరికితే, అక్కడి ఉద్యోగ మార్కెట్ మెరుగుపడినట్టేనా?

జవాబు: అలా అనుకోవడం తొందరపాటే. పథకం లేకపోయినా వారిలో కొందరికి పని దొరికేదే కనుక, దాదాపు అవే పరిస్థితులుండి పథకం అమలుకాని ప్రాంతంలో అదే కాలంలో వచ్చిన మార్పుతో పోల్చి చూడాలి. అసలు చిక్కు మరొకటి ఉంది: సాయం పొందినవారు పొందనివారి అవకాశాలను అందుకుంటే ఉద్యోగాలు పెరగవు, చేతులు మారతాయంతే. ఫ్రాన్సులో 235 ప్రాంతాల్లో చదువుకున్న నిరుద్యోగ యువతకు ఉద్యోగాన్వేషణలో తోడ్పడిన ప్రయోగంపై 2013లో వెలువడిన అధ్యయనం, వారికి కలిగిన మేలు తాత్కాలికమేననీ, అందులో కొంత సాయమందని తోటివారి నష్టంతో వచ్చిందనీ తేల్చింది. (ప్రగతి నివేదికల్లోని లబ్ధిదారుల సంఖ్య ఈ సంగతి చెప్పదు.) అందుచేత పథకంలో చేరనివారి ఉపాధినీ వేతనాలనూ కూడా రెండు మూడేళ్లపాటు గమనించాలి, ఎందుకంటే పథకంలో శిక్షణ కూడా ఉంటే దాని ఫలితం మొదటి ఏడాదిలో కనబడకపోవచ్చు.