పసిబిడ్డల మరణాల దర్యాప్తులో స్కానింగ్: అమ్మాయిని ఆ చదువుకు పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ర్యాంకు రాలేదు. అనుమానాస్పదంగా చనిపోయిన పసికందులకు స్కానింగ్ చేసి కారణం కనిపెట్టే పనిలోకి వెళ్తానంటోంది. బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్, బీఎస్సీ మెడికల్ ఇమేజింగ్‌లలో ఏది మేలు? అసలిది ఆడపిల్లలు చేసే పనేనా?
– ఒక తండ్రి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: తల్లిదండ్రులు ఇలాంటి ప్రశ్నను కోర్సు పేరుతో మొదలుపెట్టినా చివరికి ఆగేది ఒక్కచోటే: శవాల మధ్య పనిచేస్తే పిల్ల మనసు ఏమవుతుంది, సంబంధాలవాళ్లు ఏమంటారు? రెండోది మీరు రాయలేదు గానీ, రాసినట్టే ఉంది. కాన్పుల వార్డులో ఊపిరి అందక పోయిన బిడ్డను తుడిచి గుడ్డలో చుట్టేది సాధారణంగా నర్సులు, ఆయాలే కదా. జీతం తక్కువ పనికి అడ్డురాని ఆడతనం, చదువుకుని చేసే పనికి మాత్రం అడ్డొస్తుందా? కటువుగా ఉంటే మన్నించండి, కానీ ఈ మాట అమ్మాయి ముందు అనకండి.

తుప్పల్లో దొరికిన శిశువు విషయంలో పోలీసులు వైద్యుణ్ని అడిగేవి మూడు: నెలలు నిండాయా, ప్రాణంతో పుట్టిందా, ఎలా పోయింది? బిడ్డ ప్రాణంతో పుట్టకుండా గానీ, పుట్టాక చనిపోయేలా గానీ చేయడం భారతీయ న్యాయ సంహిత 91వ సెక్షన్ కిందికీ, శవాన్ని రహస్యంగా వదిలించుకుని కాన్పును దాచడం 94వ సెక్షన్ కిందికీ వస్తాయి కాబట్టి, ఆ జవాబుల మీద ఒక తల్లి భవిష్యత్తు ఆధారపడవచ్చు. మోకాలి ఎక్స్-రేలో తొడ ఎముక కింది చివర, ఎముకకు అంటకుండా చిన్న తెల్లని చుక్క కనిపిస్తే గర్భం సుమారు 36 వారాలకు చేరిందని అంచనా వేస్తారు. దీనికోసమే శవపరీక్షలో మోకాలి మృదులాస్థిని కోసి కూడా చూస్తారు. చుట్టిన గుడ్డ విప్పకముందు ఒకసారి, విప్పాక మరోసారి ఎక్స్-రే తీయడం, పక్కటెముకల్లో సన్నని విరుగుళ్లు కూడా కనిపించేలా ఏటవాలుగా పడుకోబెట్టడం, కుడి ఎడమల గుర్తూ కేసు నంబరూ ఫిల్ముపై ఉండేలా చూడడం రేడియోగ్రాఫర్ (ఇమేజింగ్ చదివి ఎక్స్-రేలు, స్కాన్లు తీసేవారు) పని. గుర్తు లేని ఫిల్మును కోర్టులో డిఫెన్సు లాయరు చీల్చి చెండాడతాడు.

ఇక ‘కత్తి పెట్టని పోస్టుమార్టం’, అంటే శవాన్ని కోయకుండా స్కాన్లతోనే పరీక్షించే వర్చువల్ అటాప్సీ అన్న మోజు మీద నాకు అనుమానాలున్నాయి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతికి 2021లో ఢిల్లీ ఎయిమ్స్‌లో కేంద్రం ఏర్పడింది. పెద్దవాళ్ల శరీరంలో తూటాలు, విరిగిన ఎముకలు వెతకడంలో దాని సత్తా కాదనలేనిది. పసికందుల విషయం వేరు. ఒంట్లో కొవ్వు తక్కువ కావడంతో సీటీలో అవయవాల హద్దులు స్పష్టంగా తెలియవు. మెదడు, గుండె చూడాలంటే ఎమ్మారై కావాలి. ఊపిరితిత్తుల్లో గాలి కనిపించినంత మాత్రాన బిడ్డ ఊపిరి తీసిందని చెప్పలేరు, ఎందుకంటే శవం కుళ్లినా, బతికించే ప్రయత్నంలో గాలి ఊదినా లోపల వాయువు కనిపిస్తుంది. ఇన్ఫెక్షనుతో పోయిన బిడ్డ విషయం కణజాల పరీక్షలో, కల్చర్‌లో (సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షలో) తేలాల్సిందే. అందుచేత ‘వర్చువల్ అటాప్సీ నిపుణులు’ అంటూ సర్టిఫికెట్లు ఇచ్చే స్వల్పకాలిక కోర్సులకు డబ్బు పోయవద్దు. ఆ సర్టిఫికెట్‌తో నివేదికపై సంతకం చేసే అధికారం రాదు, అది వైద్యులదే.

మీరడిగిన పోలిక చిన్నదే. ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాల చదువు, స్కానింగ్ యంత్రం దరికి తీసుకుపోదు. ఇమేజింగ్ చదివితే ఆసుపత్రుల్లో ఉద్యోగానికి దారి ఉంటుంది. బతికున్న పసిపిల్లలకు ఎక్స్-రే తీసి చేయి తిరిగినవారికే మార్చురీ కేసు కూడా చేతనవుతుంది. కారణం తేల్చే స్థానమే కావాలంటే మళ్లీ నీట్ రాసి, ఎంబీబీఎస్ తర్వాత రేడియాలజీలోనో ఫోరెన్సిక్ మెడిసిన్‌లోనో మూడేళ్ల ఎండీ చేయాలి. ఆంధ్ర వైద్య కళాశాల మీ ఊళ్లోనే ఉంది.

మనసు కలత పడదని చెప్పను, పడుతుంది. అయితే రేడియోగ్రాఫర్‌కు అది రోజూ ఎదురయ్యే కేసు కాదు, పక్కన సీనియర్లు ఉంటారు, ఇంటికొచ్చాక చెప్పుకోవడానికి మీరుంటారు. చేర్పించే ముందు కాలేజీవాళ్లను ఏ ఆసుపత్రిలో శిక్షణ ఇస్తారో, అక్కడ నవజాత శిశువుల వార్డూ పనిచేసే సీటీ, ఎమ్మారైలూ ఉన్నాయో లేదో అడిగి, జవాబు కాగితం మీద రాయించుకున్నాకే ఫీజు కట్టండి.