బ్యాడ్ 25 పెట్టె కొనాలా, స్పైక్ లీ డాక్యుమెంటరీ చూస్తే చాలా? ఫ్యాన్స్ దీని మీద ఇంకా ఎందుకు కొట్టుకుంటున్నారు?

రెండూ కావాల్సినవే. కాకపోతే పెట్టెలో సగం సరుకు అక్కర్లేనిది, గొడవంతా ఆ సగం గురించే.

మైకేల్ జాక్సన్ ‘బ్యాడ్’ 1987 ఆగస్టు 31న వచ్చింది. పాతికేళ్ళయిందని 2012 సెప్టెంబరులో మూడు సీడీలు, ఒక డీవీడీతో ‘బ్యాడ్ 25’ పెట్టె అమ్మారు. అంతకు కొద్దిరోజుల ముందే స్పైక్ లీ అదే పేరుతో తీసిన డాక్యుమెంటరీ వెనిస్ చిత్రోత్సవంలో పడింది. ఫ్యాన్స్ పెట్టెని తిట్టారు, సినిమాని నెత్తిన పెట్టుకున్నారు అని రాసేస్తుంటారు. సరిగ్గా చూస్తే తిట్లు పడింది రెండింటికే: రీమిక్సులకీ, డీవీడీలో బొమ్మకీ. పెట్టెలో మిగతాదాని జోలికి పెద్దగా ఎవరూ పోలేదు.

ముందు రెండో సీడీ సంగతి. అందులో 13 ట్రాకులున్నాయి. మొదటి ఆరే అసలు సరుకు, అప్పట్లో బయటికి రాని పాటల డెమోలు (పూర్తి చేయకముందు చేసుకున్న కచ్చా రికార్డింగులు): డోంట్ బీ మెస్సిన్ రౌండ్, ఐయామ్ సో బ్లూ, సాంగ్ గ్రూవ్, ఫ్రీ, ప్రైస్ ఆఫ్ ఫేమ్, ఆల్ కపోన్. తర్వాత వచ్చే స్ట్రీట్‌వాకర్, ఫ్లై అవే, ‘ఐ జస్ట్ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ని స్పానిష్‌లో పాడిన టోడో మి అమోర్ ఎరెస్ టు మూడూ 2001 స్పెషల్ ఎడిషన్‌లోనే వచ్చేశాయి. ఒకటి అదే పాటకి ఫ్రెంచి రూపం. చివరి మూడు రీమిక్సులు: ‘బ్యాడ్’కి ఆఫ్రోజాక్ చేసినవి రెండు (ఒకదాంట్లో పిట్‌బుల్ ర్యాప్ కూడా), ‘స్పీడ్ డీమన్’కి నీరో చేసినది ఒకటి. పాత హిందీ పాటలకి జంకార్ బీట్స్ అతికించి అమ్మిన క్యాసెట్లు గుర్తున్నాయా, అదే పని ఖరీదైన పరికరాలతో చేస్తే ఎలా ఉంటుందో ఇవి అలా ఉంటాయి. ఆరో ట్రాక్ అయిపోగానే ఆపేయండి, లేకపోతే స్ట్రీట్‌వాకర్ దాకా వినండి. ఆ పాటకీ ‘అనదర్ పార్ట్ ఆఫ్ మీ’కీ ఆల్బమ్‌లో చోటు కోసం పోటీ నడిచింది. మేనేజర్ ఫ్రాంక్ డిలియో రెండో పాటకి డాన్స్ చేయడం మొదలెట్టాడట, దాంతో తేలిపోయింది. నా లెక్కలో ఆ రోజు తప్పు పాట గెలిచింది.

ఆ ఆరు డెమోలకి ఫ్యాన్స్ అంతలా పొంగిపోవడానికి కారణం 2010లో ఉంది. మైకేల్ పోయాక వచ్చిన ‘మైకేల్’ ఆల్బమ్‌లో బ్రేకింగ్ న్యూస్, కీప్ యువర్ హెడ్ అప్, మాన్‌స్టర్ అనే మూడు పాటల్లో గొంతు అసలు ఆయనదేనా అని పెద్ద రభస జరిగింది. చివరికి 2022లో ఆ మూడింటినీ స్ట్రీమింగ్ నుంచి తీసేశారు. ఆ దెబ్బ తిన్నవాళ్ళ ముందుకి 2012లో వచ్చినవి కొత్త వాయిద్యాలు కలపని, పూర్తి చేయని డెమోలు. పదాలు దొరకని చోట మైకేల్ ఏదో గొణిగి దాటేస్తాడు, వేళ్ళతో చిటికెలు వేస్తాడు, వాయిద్యాలు ఎక్కడ ఎలా రావాలో నోటితోనే చెప్పేస్తాడు. ‘ఆల్ కపోన్’ వినగానే ‘స్మూత్ క్రిమినల్’ వినండి. ఒక ఆలోచన ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో ఎవరి వివరణా లేకుండానే తెలుస్తుంది. వార్షికోత్సవ ఎడిషన్ పని అది.

ఈ రికార్డు కంపెనీలకి ఆ సంగతి ఒకసారి తెలిసినట్టుంటుంది, ఇంకోసారి మర్చిపోయినట్టుంటుంది. 2008 థ్రిల్లర్ 25లో కొత్త స్టార్లతో రీమిక్సులు నింపారు. 2016లో ‘ఆఫ్ ది వాల్’ మళ్ళీ వేసినప్పుడు స్పైక్ లీ ఇంకో మంచి డాక్యుమెంటరీ ఇచ్చాడు. సీడీలో మాత్రం అసలు పది పాటలే, ఒక్క డెమో అయినా వేయలేదు. ఆ ఆల్బమ్ 2001 ఎడిషన్‌లో ఉన్న డెమోలు కూడా పీకేశారు! 2022లో థ్రిల్లర్ 40కి వచ్చేసరికి రెండో డిస్కుని డెమోలకీ, వదిలేసిన పాటలకీ కేటాయించారు. (థ్రిల్లర్ అనగానే మనవాళ్ళు 1985 ‘దొంగ’లో చిరంజీవి గోలీమార్ పాట తెస్తారు. తేవాల్సిందే, కానీ ఈ ప్రశ్న బ్యాడ్ గురించి.)

ఇక డీవీడీ. 1988లో మైకేల్ లండన్ వెంబ్లీ స్టేడియంలో ఏడు ప్రదర్శనలిచ్చాడు. మొత్తం 5,04,000 మంది, అంటే ఒక్కో రాత్రికి 72,000. అందులో జులై 16 నాటిది ఈ డీవీడీ, మూడో సీడీ. ఆ రాత్రి యువరాజు చార్లెస్, డయానా వచ్చారు. ఆమె పేరున్న పాట ఆమె ముందు పాడితే బాగోదని మైకేల్ ‘డర్టీ డయానా’ని తీసేశాడు. ప్రదర్శనకి ముందు కలిసినప్పుడు ఆ పాట పాడుతున్నారా అని ఆవిడే అడిగింది. మీ కోసమే తీసేశానంటే, వద్దు, పాడాల్సిందే అంది. 1997లో బార్బరా వాల్టర్స్‌కి మైకేల్ చెప్పిన సంగతి ఇది. మూడో సీడీలో ఆ పాట ఉంది. ఆ చీకటి గిటార్ మొదలయ్యే చోట ఈ కథ తెలిసి వినడం వేరు.

అలాంటి రాత్రికి దొరికిన వీడియో ఏమిటంటే, మైకేల్ సొంతానికి దాచుకున్న ఒక వీహెచ్ఎస్ టేపు, అంటే పాతకాలం ఇంటి వీడియో క్యాసెట్. స్టేడియంలో వెనక కూర్చున్నవాళ్ళ కోసం పెద్ద తెరల మీదకి పంపిన ఫీడ్‌ని రికార్డు చేసిన టేపు. వేరే మాస్టర్ (అసలు టేపు) దొరకలేదని పెట్టె వేసినవాళ్ళు చెప్పారు, ఫ్యాన్స్‌లో సగం మంది ఈరోజుకీ నమ్మరు. నమ్మినా నమ్మకపోయినా, ఆ ఫీడ్ దేనికోసం తయారైందో అర్థమైతే కోపం కొంత తగ్గుతుంది. దూరం నుంచి చూసేవాళ్ళకి మైకేల్ ముఖం కనిపించాలి, అంతే. అందుకే దగ్గరి షాట్లే ఎక్కువ. వేదిక మొత్తం, డాన్సర్ల వరస కనిపించే షాట్లు తక్కువ. అక్కడికక్కడ కట్ చేసిన ఫీడ్ కాబట్టి తర్వాత ఎడిటింగ్‌లో మార్చడానికి వేరే కెమెరాల టేపులు లేవు.

వీహెచ్ఎస్‌లో అడ్డంగా పట్టే వివరం సుమారు 240 గీతలు. డీవీడీకి దానికి రెట్టింపు పైనే తాహతుంది, అంటే ఇక్కడ డీవీడీ ఖాళీగా ఉంది. రంగు సంగతి ఇంకా అన్యాయం. వీహెచ్ఎస్ రంగుని వెలుగు కంటే చాలా తక్కువ వివరంతో దాస్తుంది, అందుకే ఎర్ర లైట్లు పడ్డప్పుడల్లా రంగు హద్దులు దాటి పక్కకి కారుతుంది. దీన్ని 55 అంగుళాల 4కె టీవీలో ఫ్యాక్టరీ సెట్టింగుల మీద పెట్టి “చెత్త” అనడం టీవీ తప్పు టేపు మీదకి నెట్టడమే.

చూసే పద్ధతి చెప్తాను. బొమ్మ 4:3 లోనే ఉంచండి, పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి. సాగదీస్తే మైకేల్ పొట్టివాడైపోతాడు. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, ఎక్కువుంటే అంచుల చుట్టూ తెల్ల గీతలు తేలతాయి. మోషన్ స్మూతింగ్ పూర్తిగా ఆపేయండి, లేకపోతే వేగంగా తిరిగినప్పుడు చేతులు పిండిలా కలిసిపోతాయి. రంగు నాలుగైదు మెట్లు దించండి, కారడం తక్కువ కనిపిస్తుంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీతో చూస్తే డీఇంటర్లేస్ ఆన్ చేసి మోడ్ ‘యాడిఫ్’ గానీ ‘యాడిఫ్ 2ఎక్స్’ గానీ పెట్టండి, దువ్వెన పళ్ళలాంటి గీతలు పోతాయి. 2ఎక్స్‌లో కదలిక ఇంకా సాఫీగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, టీవీ స్పీకర్లు కట్టేసి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. శబ్దం ఆ వీహెచ్ఎస్‌ది కాదు, విడిగా దొరికిన మల్టీట్రాక్ టేపుల (గొంతూ, వాయిద్యాలూ వేటికవే రికార్డయినవి) నుంచి కొత్తగా మిక్స్ చేసింది. బొమ్మకీ శబ్దానికీ మధ్య అంత తేడా ఉన్న కచేరీ డీవీడీ ఇంకోటి చూపించండి చూద్దాం. నన్నడిగితే మూడో సీడీ ఒక్కటీ వినడం, డీవీడీ ఒకసారి చూసి లోపల పెట్టేయడం మేలు.

యూట్యూబ్‌లో “4కె ఏఐ రీమాస్టర్” అని ఇదే కచేరీ తిరుగుతుంటుంది. దాన్ని నమ్మకండి. టేపులో లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. ముఖాలు మైనంలా నున్నగా, జనం గుంపు గుజ్జులా తయారవుతుంది. లక్షల లైకులు దానికే.

మొదటి సీడీ, అంటే అసలు ఆల్బమ్. ఇది మీ దగ్గర 1987 ప్రింట్ ఉంటే మారక్కర్లేదు. పాత ప్రింట్ అవునో కాదో తెలుసుకోవడం సులువు: ‘ఐ జస్ట్ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ పెట్టండి. పాట ముందు మైకేల్ గుసగుసగా మాట్లాడే మాటలుంటే అది మొదటి రూపం. తర్వాతి ప్రింట్లలో ఆ మాటలు తీసేసి నేరుగా పాటలోకి పోతారు. ఎల్పీ అయితే ‘లీవ్ మీ అలోన్’ ఉండదు, ఆ పాట అప్పట్లో సీడీకి మాత్రమే ఇచ్చారు. అమెరికాలో ఎపిక్ కంపెనీ వేసిన ప్రింట్ల మీద నంబర్ 40600, యూరప్‌వాటి మీద 450290 అని ఉంటుంది.

పెట్టెలోని కొత్త మాస్టర్ (పాత రికార్డింగు శబ్దాన్ని మళ్ళీ సర్ది వేసిన రూపం) “బాగుంది” అనేవాళ్ళలో చాలామంది వింటున్నది గట్టిదనాన్ని. సీడీలో శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది. మాస్టర్ చేసేవాళ్ళు సగటు శబ్దాన్ని పైకి నెడితే డ్రమ్ము దెబ్బ లేవడానికి చోటు మిగలదు. పోల్చి చూడాలంటే రెండు సీడీల్లోంచి ‘స్మూత్ క్రిమినల్’ని వేవ్ ఫైళ్ళుగా దించి ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేయండి. ఎమ్‌పీ3 వద్దు. ఒక్కో ట్రాక్‌ని విడిగా ఎంచుకుని ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’ −20 ఎల్‌యూఎఫ్ఎస్‌కి (చెవికి వినిపించే గట్టిదనానికి కొలత ఇది) పెట్టండి. ఇప్పుడు రెండూ ఒకే గట్టిదనంలో ఉంటాయి. సోలో బటన్‌తో ఇటూ అటూ మార్చుతూ స్నేర్ డ్రమ్ము దెబ్బ మొదటి క్షణాన్ని వినండి. పాతదాంట్లో దెబ్బ గుచ్చుకుంటుంది, కొత్తదాంట్లో ఒత్తుకుంటుంది. ఈ ఆల్బమ్ రికార్డు చేసిన బ్రూస్ స్వీడియన్ లాంటి ఇంజనీరు డ్రమ్ముల మీద పడ్డ పాటు వినిపించేది ఆ గుచ్చులోనే. ఒక జాగ్రత్త: రెండు ఫైళ్ళనీ మొదట్లో కలిపినా పాట నడిచేకొద్దీ కొంచెం జారొచ్చు. టేపు మళ్ళీ ఆడించినప్పుడు వేగంలో తేడా వస్తుంది కాబట్టి. మధ్యలో ఇంకోసారి కలుపుకోండి. స్పాటిఫైలో పోల్చకండి, అక్కడ యాప్ తనే శబ్దాన్ని −14కి దగ్గరగా సర్దేస్తుంది.

డాక్యుమెంటరీ విషయానికి వస్తే, స్పైక్ లీ చేసిన తెలివైన పని ఆల్బమ్‌ని పాట తర్వాత పాటగా విప్పడం. ‘బ్యాడ్’ చిన్న సినిమా తీసిన స్కార్సేసీ, ఎడిటర్ థెల్మా షూన్‌మేకర్ పక్కపక్కన కూర్చుని దాన్ని మళ్ళీ చూసే ఘట్టం ఒక్కటి చాలు. రాసిన రిచర్డ్ ప్రైస్, అందులో నటించిన వెస్లీ స్నైప్స్ మాట్లాడతారు. బ్రూక్లిన్ హోయ్ట్ షెర్మర్‌హార్న్ సబ్‌వే స్టేషన్లో షూటింగ్ ఎలా జరిగిందో తెలుస్తుంది. ‘స్మూత్ క్రిమినల్’లో యానీ ఎవరో కూడా తేలుతుంది: గుండె ఆగిన మనిషిని బతికించే శిక్షణలో వాడే బొమ్మ పేరు అది. ‘మ్యాన్ ఇన్ ది మిర్రర్’ గ్లెన్ బలార్డ్‌తో కలిసి రాసిన సైదా గారెట్ ఆ పాట పుట్టుక చెప్పే భాగం పెట్టెలో ఏ పుస్తకం పేజీ కంటే విలువైనది. చివర్లో మైకేల్ మరణవార్త విన్న క్షణం గురించి స్పైక్ లీ అందర్నీ అడుగుతాడు, అక్కడ చూసినవాళ్ళు చాలామంది ఏడ్చారు. నాకు మాత్రం అడిగిన తీరు కాస్త మొరటుగా అనిపించింది. ఆల్బమ్ తయారీకి ఏ సంబంధమూ లేని జస్టిన్ బీబర్ లాంటి నేటి స్టార్లకి ఇచ్చిన నిమిషాలు సెషన్ వాయిద్యకారులకి ఇచ్చుంటే బాగుండేది. ‘బ్యాడ్’లో ఆర్గాన్ సోలో వాయించింది జాజ్ దిగ్గజం జిమ్మీ స్మిత్ అని ఎంతమందికి తెలుసు?

చూసేముందు నిడివి చూసుకోండి. 2012 నవంబరులో అమెరికాలో ఏబీసీ ఛానెల్ వేసింది కుదించిన రూపం, దాన్ని రికార్డు చేసిన కాపీలే నెట్‌లో ఎక్కువ తిరుగుతాయి. పూర్తిది రెండు గంటలు దాటుతుంది. గంట చిల్లర ఉన్న ఫైలు దొరికితే పాట పుట్టుక చెప్పే మాటలు సగం పోయినట్టే.

పెట్టె సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ఇంకో మాట. బ్యాడ్ 25కి రెండు సీడీల చిన్న ఎడిషన్ కూడా ఉంది, అందులో వెంబ్లీ సీడీ ఉండదు. ఫొటోలో పెట్టె మూత చూసి డబ్బులు పంపకండి. నాలుగు డిస్కులూ విప్పి, వెనకవైపు లైటు కింద ఫొటో తీసి పంపమనండి. డీవీడీ ఒక్కటే విడిగా కూడా అమ్మారు కాబట్టి, అది పోయిన పెట్టె చవగ్గా వస్తుంటే నిస్సంకోచంగా తీసుకోవచ్చు. మూడో సీడీ పోయిన పెట్టె మాత్రం వద్దు.