నిమ్మలో పిందె రాలుడు: అది గజ్జి కాదు, ఎండదెబ్బ

ప్రశ్న: ఎనిమిదేళ్ల నిమ్మ తోట, మూడెకరాలు. ఉత్తరాదిన వడగండ్లు పడుతున్నాయని టీవీలో చూసి, మనకూ వానొస్తే గజ్జి తెగులు తగులుతుందని భయపడ్డాను. దుకాణంలో ఇచ్చిన స్ట్రెప్టోసైక్లిన్, కాపర్ ఆక్సీక్లోరైడ్, పురుగుమందు, హార్మోను కలిపి మధ్యాహ్నం కొట్టించాను. వాన రాలేదు. వారం తిరక్కుండా పడమటి వైపు ఆకులు మాడాయి, కాయలకు మచ్చలు, పిందె రాలుతోంది. బోరు తగ్గి 12 రోజులకోసారి నీళ్లు పెడుతున్నా. గజ్జి ముదిరిందా? ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: ఇది గజ్జి కాదు. గజ్జి మచ్చ తడిమితే గరుగ్గా తగులుతుంది, ఆకు మీదైతే చుట్టూ పసుపు వలయం ఉంటుంది. ఒక్క పడమటి వైపే రాదు. మీ తోటకు తగిలింది ఎండ, నీటి ఎద్దడి. ఆపైన మిట్టమధ్యాహ్నం నాలుగు మందులు కలిపి కొట్టడంతో ఆకు మాడింది.

పంజాబ్, రాజస్థాన్‌లలో మార్చి, ఏప్రిల్ వడగండ్లు పశ్చిమం నుంచి వచ్చే అలజడుల వల్ల పడతాయి. వాటిని చూసి పొదలకూరులో మందు కొట్టకూడదు. ఇక్కడ ఈ రోజుల్లో పడమటి గాలి బలంగా ఉంటే సముద్రపు గాలి లోపలికి రావడం ఆలస్యమవుతుంది, ఎండ చుర్రుమంటుంది. మనకూ సాయంత్రం పూట ఉరుములతో జల్లులు పడతాయి, కాదనను. కానీ అవి ఈ ఊళ్లో పడి పక్క ఊళ్లో పడవు. వాతావరణ శాఖ వారి మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో తెలుగులో సలహాలు వస్తాయి, అవి చూడండి.

ముందు నీళ్ల సంగతి. పాదులో జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట పట్టండి. ముద్ద కట్టకపోతే ఆ రోజే తడి ఇవ్వాలి. 12 రోజుల ఎడం చాలా ఎక్కువ. తేలిక నేలైతే 4–5 రోజులకోసారి, కొద్దికొద్దిగానే పెట్టండి. ఎండబెట్టి ఒక్కసారిగా పాదు నింపితే పిందె ఇంకా రాలుతుంది. మొదలుకు జానెడు వదిలి, పాదంతా వరిగడ్డి 10 సెంటీమీటర్ల మందాన పరవండి. కాండానికి సున్నం పూయండి.

మందులు పది రోజులు ఆపండి. చెట్టు తేరుకున్నాక పొటాషియం నైట్రేట్ (13-0-45) లీటరుకు 10 గ్రాములు, ఒక్కటే, సాయంత్రం 5 తర్వాత పిచికారీ చేయండి. 15 రోజులకు మరోసారి. అప్పటికీ రాలుడు ఆగకపోతే ప్లానోఫిక్స్ (పిందె రాలకుండా కొట్టే హార్మోను మందు) 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ., అదీ నేలలో తడి ఉన్నప్పుడే. మోతాదు పెంచితే ఉన్న పిందె కూడా రాలుతుంది.

స్ట్రెప్టోసైక్లిన్ మనుషులకు వాడే యాంటీబయాటిక్ జాతి. పంటలపై దాని వాడకాన్ని 2024 జనవరి నుంచి పూర్తిగా ఆపాలని కేంద్రం 2021 డిసెంబరులోనే ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. ఇంకా అమ్ముతున్న వారిని నేను ఏమనాలి? దుకాణదారు మీ చెట్టు చూడలేదు, మీ పాదు తవ్వలేదు. నాలుగు సీసాలు చేతిలో పెడితే ‘ఏ తెగులుకు, ఏ మోతాదు?’ అని నిలదీయండి, బిల్లు అడగండి. ఒక డ్రమ్ములో నాలుగు మందులు కలిపే అలవాటు ఈ జిల్లాలో తోటల్ని తెగుళ్ల కంటే ఎక్కువ దెబ్బతీస్తోంది.

నిజంగా వాన పడి, లేత చిగురు మీద గజ్జి మచ్చలు కనిపిస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు చాలు. మీరు కొట్టిన పురుగుమందు సీసా మీద కోతకు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది. ధర బాగుందని ఆ గడువు లోపల కాయ కోసి మార్కెట్‌కు పంపకండి.