తొమ్మిది కిలోల బొంత గోడ మీది నుంచి ఊడిపడింది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా జేజి తన చీరలు, మా అమ్మ పెళ్లిచీర పొరలుగా పేర్చి చేత్తో కుట్టిన పెద్ద బొంత మా ఇంట్లో ఉంది. తొమ్మిది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, తొమ్మిది కిలోల బరువు. ఇద్దరూ పోయాక దాన్ని జ్ఞాపకంగా హాలు గోడకు వేలాడదీయాలని అనంతపురం నుంచి ఒక డెకరేటర్‌ను పిలిపించాం. అతను బొంతను తీసుకెళ్లి, పై అంచున ఏడు ఇనుప రింగులు కొట్టించి తెచ్చి, గోడకు కొక్కేలు బిగించి తగిలించాడు. ఇది ఇరవై మూడు నెలల కిందటి మాట. ఐదు నెలలకు ఒక రాత్రి కొక్కేలతో సహా ఊడి పడింది. పై అంచు చీలింది, కింద ఉన్న టీవీ పగిలింది. బాగుచేయిస్తానని అప్పటి నుంచి తిప్పుతున్నాడు. మొత్తం రూ. 18,000 ఇచ్చాం. అడ్వాన్సు రూ. 5,000 మావారు ఫోన్‌పేలో పంపారు, మిగతాది నగదు. బిల్లు ఇవ్వలేదు. అతని లెటర్‌హెడ్ ఖాళీ కాగితం ఒకటి మా ఇంట్లో మిగిలింది, దాని మీద పాత తేదీతో బిల్లు రాయించుకోమని మా బావ అంటున్నాడు. చీలిన చోట దర్జీతో కుట్టించాం, గోడ పూత వేయించాం. అతన్ని జైలుకు పంపగలమా? బొంతను మళ్లీ గోడకు పెట్టుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో జేజి గురించి రెండు పేజీలు ఉన్నాయి. ఇక్కడ వాటిని కుదించాం. కేసును నిలబెట్టేది అందులో మీరు దారిన పోతూ అన్నట్టు రాసిన ఒక్క వాక్యం: అడ్వాన్సు ఫోన్‌పేలో పంపామన్నది. డబ్బు తీసుకుని పని చేశాడని రుజువైతేనే మీరు వినియోగదారు. లేకపోతే తెలిసినవాడు మాటసాయం చేశాడని అతను చెప్పుకుంటాడు, మీ దగ్గర జవాబు ఉండదు. రూ. 18,000లో రూ. 5,000కే రుజువు ఉన్నా ఫరవాలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొంత చెల్లించి కొంత చెల్లిస్తానన్న సేవను కూడా సేవగానే చూస్తుంది. బ్యాంకుకు వెళ్లి ఆ నెల స్టేట్‌మెంటు ముద్ర వేయించి తెచ్చుకోండి. చెల్లింపు మీవారి ఖాతా నుంచి వెళ్లింది కాబట్టి ఆయనను కూడా ఫిర్యాదుదారుగా చేర్చండి.

ఇక కాలపరిమితి. ఈ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. బొంత పడిన రోజు నుంచి లెక్క అని మీరు అనుకుంటున్నారు, నేనూ అలాగే వాదిస్తాను. కానీ ఎదుటి వకీలు ఊరుకుంటాడా? లోపం ఉంటే బిగించిన రోజే ఉంది, లెక్క ఆ రోజు నుంచే అంటాడు. ఆ లెక్కన మీకు మిగిలింది నెల రోజులే. ఆ వాదన గెలుస్తుందో ఓడుతుందో చూసే పంతం మీకెందుకు? బిగించిన రోజు నుంచే రెండేళ్లు లెక్కవేసుకుని ఆలోపు దాఖలు చేయండి.

ఏడాదిన్నరగా అతను "చూద్దాం మేడం, వచ్చే నెల" అని పంపిన మెసేజ్‌లు కాలాన్ని ఆపలేదు. మీరిప్పుడు వకీలు నోటీసు పంపినా ఆగదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నా ఆగదు. నోటీసు పంపితేనే కేసు అన్న నియమం కూడా లేదు. గడువు దాటితే తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు, కానీ "మాటలు నమ్మాను" అన్నది ప్రతిసారీ చెల్లే కారణం కాదు. సివిల్ దావాకు మూడేళ్లు ఉంటుందని ఎవరైనా ధైర్యం చెబితే, కోర్టు ఫీజు, ఎన్నేళ్లు పడుతుందన్నది కూడా వారినే అడగండి.

మీ బావగారి సలహా గురించి గట్టిగా చెప్పాలి. ఆ లెటర్‌హెడ్ మీద ఒక్క అక్షరం రాయకండి. అతని సంతకం పెట్టి పాత తేదీతో బిల్లు పుట్టిస్తే అది భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఫోర్జరీ. దాన్ని కేసులో వాడితే 340. న్యాయ విచారణ కోసం దొంగ సాక్ష్యం సృష్టిస్తే 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. అతన్ని పంపాలనుకున్న చోటికి మీరు వెళతారు. ఆ ఒక్క కాగితం బయటపడితే నిజమైన రూ. 5,000 చెల్లింపును కూడా ఎవరూ నమ్మరు. ఖాళీ కాగితాన్ని అలాగే దాచి, దొరికినట్టే చూపండి.

అతన్ని జైలుకు పంపడం కుదరదు. మోసం అనాలంటే మొదటి నుంచీ దురుద్దేశం ఉండాలి. ఇతను పని చేశాడు, చేతకాకుండా చేశాడు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగితే పోయేది మీ నెల రోజులే.

సాక్ష్యం సంగతికి వస్తే, మిమ్మల్ని మందలించక తప్పదు. చీలిన అంచును కుట్టించారు, గోడను పూత పెట్టించి రంగు వేయించారు. ఎవరు చెప్పారమ్మా? కేసు వేసే ఆలోచన ఉన్నవారు ముందు ఫోటోలు తీయించి, ఒక ఇంజనీరుకు చూపించి, ఆ తర్వాత కదా మరమ్మతు చేయించేది! సరే, మిగిలింది చూద్దాం. ఊడిన కొక్కేలు, ప్లాస్టిక్ ప్లగ్గులు ఎక్కడ ఉన్నాయి? చెత్తబుట్టలో వేయకుంటే వెతికి కవరులో పెట్టండి, తుడవకండి. మీది పాత రాతి మిద్దె, రాతి గోడ మీద సిమెంటు పూత అని మరోచోట రాశారు. ప్లగ్గు పొడవు ఎంత? దాని కొనకు అంటుకున్నది పూత పొడేనా? మర రాతిలోకి దిగకుండా పైపూతలోనే ఆగిందని తేలితే సగం కేసు అక్కడే తేలుతుంది.

మిగతా సగం బొంత అంచున ఉంది. బరువైన బొంతను గోడకు పెట్టే పద్ధతి ఉంది: వెనకవైపు పై అంచు పొడవునా నాలుగంగుళాల గుడ్డ గొట్టం చేత్తో కుట్టి, అందులో కర్ర దూర్చి, ఆ కర్రను గోడకు పట్టిస్తారు. అప్పుడు బరువు అంచు మొత్తం మీద పరుచుకుంటుంది. ఇతను పాత నూలు చీరల పొరలకు చిల్లులు పొడిచి, తొమ్మిది కిలోలను ఏడు చోట్ల వేలాడదీశాడు. చీలిక రింగు దగ్గర మొదలైందా, రెండు రింగుల మధ్యనా అన్నది ఇప్పుడు కుట్టు ఉన్న చోటును ఫోటో తీసి చూపించాలి. కాబట్టి ఇప్పుడు బొంతను గోడకు పెట్టకండి, ఉతకకండి, రింగులు తీయించకండి. అది ఇప్పుడు సాక్ష్యం. తీర్పు వచ్చాక గుడ్డ గొట్టంతో వేలాడదీసుకోండి.

రింగులు వేయాలా అని అతను అడిగితే మీరు వాట్సాప్‌లో "మీ ఇష్టం" అన్నారట. మీకు మేలే చేసే మాట ఇది. పద్ధతి ఎంచుకున్నది అతనే. ఆ సంభాషణ ఉన్న ఫోను మార్చకండి. ప్రింట్లతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయండి.

డెకరేటర్ అనంతపురంలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే, అంటే కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించినది రూ. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కావాలంటే మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. రూ. 18,000, టీవీ మరమ్మతు బిల్లు, మానసిక వేదనకు పరిహారం అడగండి. జేజి జ్ఞాపకానికి పెద్ద మొత్తం వేస్తే కమిషన్ నవ్వుకుంటుంది, లెక్క చూపగలిగినంతే వేయండి. కమిషన్ నోటీసు అందాక అతను 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇంకో 15 రోజులకు మించి గడువు దొరకదు.

కుట్టక ముందు ఆ చీలికను మీ ఇంటివారు కాకుండా చూసిన మనిషి దర్జీ ఒక్కడే. ఏ స్థితిలో తెచ్చారో, ఎంత పొడవు కుట్టాడో అఫిడవిట్టు ఈ వారంలోనే రాయించి సంతకం తీసుకోండి.