ష్రింప్ అండ్ గ్రిట్స్: రవ్వ పలుకుగా మిగిలిపోతుంటే

ష్రింప్ అండ్ గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వను మెత్తగా ఉడికించి రొయ్యలతో తినే అమెరికా వంటకం. అరగంట ఉడికించినా రవ్వ పలుకుగానే ఉందని అడిగారు కదా, మీ ప్యాకెట్ స్టోన్ గ్రౌండ్ రకం, అంటే రాతి తిరగలిలో ముతకగా విసిరినది అయ్యుంటుంది. దానికి 45 నిమిషాల నుంచి గంట పడుతుంది.

చాలామంది వదిలేసేది నానబెట్టడం.

1. కప్పు రవ్వకు నాలుగు కప్పుల నీళ్లు పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున ఒకసారి కలిపి, కాసేపు ఆగి, పైకి తేలిన పొట్టును చెంచాతో తీసేయండి. అది ఎంత ఉడికినా మెత్తబడదు. నీళ్లు మాత్రం పారబోయకండి. చిక్కదనమిచ్చే పిండి అందులోనే ఉంటుంది, వాటితోనే ఉడికించండి.

2. ఉడుకు పట్టేదాకా చేయి ఆపకుండా కలపండి. తర్వాత సన్న సెగ, మూత. మధ్యమధ్య అడుగు నుంచి తిప్పుతూ, బిగిస్తే వేడినీళ్లు పోయండి. ఉప్పు, వెన్న చివర్లో. అమెరికాలోని చార్లెస్టన్ తీరంలో ఈ వంటకం ఒకప్పుడు జాలర్ల పొద్దుటి తిండి. చీజ్ తప్పనిసరేమీ కాదు, వెన్నతోనే నాకు ఎక్కువ ఇష్టం.

3. రొయ్యలు గట్టిపడ్డాయంటే ముందే వండి పక్కన పెట్టి ఉంటారు. రవ్వ పూర్తిగా ఉడికాకే వాటిని పెనం మీద వేయండి. బేకన్ (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం) కొవ్వులో గానీ వెన్నలో గానీ ఒక్కో వైపు రెండు నిమిషాలు చాలు. రంగు మారి వంపు తిరగగానే దించేయండి.